సహాయమూ, స్వాధీనమూ

పరోపకారం మంచిదని ఎవరికీ కొత్తగా బోధించనక్కరలేదు. నీతిశతకాలూ, పాఠ్యపుస్తకాలూ, ప్రజాప్రతినిధుల ఉపన్యాసాలూ ఆ పని తరతరాలుగా చేస్తూనే ఉన్నాయి. అయితే ఉపకారం పొందేవాడి పక్కన నిలబడి ఆ ఉపకారాన్ని పరీక్షించే అలవాటు మనకు తక్కువ. ఉపకారికి పుణ్యమో, పేరో, తృప్తియో మిగిలింది, సరే. పొందినవాడి చేతిలో ఏం మిగిలింది? నిన్నటిదాకా చేయలేని పని ఇవాళ చేయగలుగుతున్నాడా? లేక అదే పని కోసం రేపు మళ్ళీ అదే గుమ్మం ఎక్కవలసి ఉన్నదా? ఈ ప్రశ్న వేయకుండా పరోపకారాన్ని గూర్చి ఎంత మాట్లాడినా అది ఉపకారి ఆత్మస్తుతి దగ్గరే ఆగిపోతుంది.

ఈ ప్రశ్నను భూమి విషయంలోనో, కూలి విషయంలోనో వేస్తే అభ్యుదయ పాఠకుడు వెంటనే తల ఊపుతాడు. అక్కడి జవాబు అతనికి ముందే తెలుసు. అంచేత జవాబు ముందుగా తెలియని చోట, మనలో చాలామందిమి మనకు తెలియకుండానే ఉపకారి పాత్ర వహించే చోట దీన్ని పరీక్షించడం మంచిది. చూపులేని మనిషి ఇంట్లో ఇంటర్నెట్టు ఏర్పాటు చేయడమనే చిన్న విషయాన్ని నేను అందుకే ఎంచుకున్నాను.

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులో ఒక ఉపాధ్యాయురాలు ఉన్నదనుకుందాం. ఆమెకు చూపు లేదు. ఇది ఊహే గాని గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు సుమారు 50 లక్షల మంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో కనీసం 4 శాతం వికలాంగులకు కేటాయించి, అందులో 1 శాతం అంధులకూ, చూపు బాగా తక్కువైనవారికీ ప్రత్యేకించింది. మన ఉపాధ్యాయురాలు కంప్యూటరు వాడుతుంది. తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆమెకు తోడు. మౌసు ముట్టకుండా, కీబోర్డు మీటలతోనే ఆమె ఉత్తరాలు రాస్తుంది, ప్రశ్నపత్రాలు తయారు చేస్తుంది, మార్కులు ఎక్కిస్తుంది.

ఆమె ఇంటికి ఫైబరు కనెక్షను వచ్చింది. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టూ, టీవీ, టెలిఫోనూ కలిపి ఇస్తామన్నది. స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా తీగను ఇళ్ళకు చేర్చింది. ప్రైవేటు కంపెనీలూ రంగంలో ఉన్నాయి. ఆమెది ఎవరి కనెక్షనైనా మన చర్చకు తేడా లేదు. కేబులతను వచ్చి, పెట్టె గోడకు తగిలించి, లైట్లు వెలిగాయని చూసుకుని పోయాడు. మిగిలిన పని ఆమె మేనల్లుడు తన ఫోనులో పది నిమిషాల్లో పూర్తి చేశాడు. ఆమె ఏదో అడగబోతే, "నీకెందుకత్తా, నేను చూసుకుంటా గదా" అన్నాడు. అబ్బాయి మంచివాడు. అత్త మీద ప్రేమతోనే అన్నాడు. ఈ వ్యాసంలో ముద్దాయి అతను కాడు.

ఇప్పుడు ఆమె చేతిలో ఏం మిగిలిందో చూద్దాం. ఇంటర్నెట్టు వస్తున్నంతకాలం అంతా బాగానే ఉంటుంది. ఒకనాటి రాత్రి అది ఆగిపోతుంది. తప్పు ఎక్కడున్నదో చెప్పవలసినవి పెట్టె మీది దీపాలు. ఆకుపచ్చ వెలిగితే బాగున్నట్టు, ఎర్రది వెలిగితే బయటి తీగలో తెగినట్టు. ఆ భాష కంటితో తప్ప వినిపించదు. పాస్‌వర్డు పెట్టె అడుగున అంటించిన చీటీ మీద చిన్న అచ్చులో ఉన్నది. పెట్టె లోపలి సెట్టింగులు కంప్యూటరులో ఒక పేజీగా తెరుచుకుంటాయి. కాని ఆ పేజీని తయారు చేసినవాడు బొత్తాలకు పేర్లు పెట్టలేదు, బొమ్మలు మాత్రమే పెట్టాడు. స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అని చదువుకుంటూ పోతుంది. కొన్ని పేజీలు లోపలికి వెళ్ళేముందు వంకర అక్షరాల బొమ్మ చూపించి, అందులో ఏమున్నదో రాయమంటాయి; చూడగలిగితేనే నువ్వు మనిషివి అన్నట్టు. మేనల్లుడికి ఫోను చేద్దామంటే అతను బెంగుళూరులో రాత్రి డ్యూటీలో ఉన్నాడు. నెలనెలా డబ్బు కట్టేది ఆమె. ఇంటి నెట్‌వర్కు తాళంచెవి మాత్రం బెంగుళూరులో ఉన్నది.

కాలువ కింది రైతుకు ఈ పరిస్థితి కొత్తది కాదు. కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కున్నది. కాలువ మారిన చేతులు ఎన్నయినా, కాలువ చివరి రైతుకు కావలసిన వివరం ఒక్కటే: తూము ఎవరి చేతిలో ఉన్నది? కాలువలో నీరున్నదని అధికారి లెక్క చూపించవచ్చు. లస్కరు మంచివాడై అడిగినప్పుడల్లా తలుపెత్తనూవచ్చు. అయినా అతని మంచితనం మీద ఆధారపడ్డ పొలాన్ని నీటి హక్కున్న పొలం అనం. ఇంటి దాకా తీగ లాగి "కనెక్షను ఇచ్చాం" అని లెక్క రాసుకోవడం కూడా ఇటువంటిదే.

దీని మీద మూడు ఆక్షేపణలు వస్తాయి. మూడూ మన పాఠకులలోంచే రాగలవు గనక ఒక్కొక్కదాన్నీ తీసుకుందాం.

మొదటిది: చూపు లేకపోవడం ప్రకృతి చేసిన అన్యాయం, దానికి సంఘాన్ని నిందించడమెందుకు? దీనికి కంప్యూటర్ల చరిత్రే జవాబు చెబుతుంది. 1980లలో కంప్యూటరు తెర మీద ఉండేవి అక్షరాలే. అక్షరాన్ని గొంతుగా మార్చడం సాధ్యం గనక చూపులేని ఉద్యోగి ఆ యంత్రం ముందు ఇతరులకు దాదాపు సాటిగా కూర్చోగలిగాడు. ప్రమాదంలో చూపు కోల్పోయిన అమెరికన్ టెడ్ హెంటర్ 'జాస్' అనే స్క్రీన్ రీడరును 1989లో విడుదల చేసింది ఆ కాలంలోనే. తరువాత బొమ్మల తెరలు వచ్చాయి. మౌసుతో గురిచూసి నొక్కే పద్ధతి వచ్చింది. నిన్నటి దాకా పని చేసిన మనిషి ఇవాళ పనికిరానివాడయ్యే ప్రమాదంలో పడ్డాడు. అతని కళ్ళు నిన్న ఎట్లా ఉన్నాయో ఇవాళా అట్లాగే ఉన్నాయి. మారింది యంత్రం. అదే కళ్ళతో ఒకనాడు సమర్థుడూ, మరొకనాడు అసమర్థుడూ అయ్యాడంటే, అసమర్థత అంతా కళ్ళలోనే ఉన్నదనడం తర్కానికి నిలవదు.

ఈ సంగతిని సిద్ధాంతంగా చెప్పినవారు వికలాంగులే. బ్రిటనులో 'వేర్పాటుకు వ్యతిరేకంగా శారీరక వికలాంగుల సంఘం' 1976లో తన మూలసూత్రాలను ప్రకటించింది. శరీరంలోని లోపం వేరు, ఆ లోపమున్న మనిషిని సంఘం తన ఏర్పాట్ల చేత బయటికి నెట్టడం వేరు అని అది విడదీసింది. ఆ సంఘ నాయకులలో విక్ ఫింకెల్‌స్టైన్ దక్షిణాఫ్రికాలో జాతివివక్షను ఎదిరించి జైలుకు వెళ్ళి, బ్రిటనులో ప్రవాసిగా స్థిరపడినవాడు. మనుషులను రంగును బట్టి వేరు చేసే ఏర్పాటును చూసిన కన్ను, శరీరాన్ని బట్టి వేరు చేసే ఏర్పాటును కూడా పసిగట్టింది.

అయితే ఈ సిద్ధాంతాన్ని మొండిగా సాగదీసి, శరీరానికి అసలు ప్రమేయమే లేదనడం భావవాదం. అన్ని పేజీలనూ, అన్ని పెట్టెలనూ బాగుచేసినా చూపు లేకపోవడం చూపు లేకపోవడంగానే ఉంటుంది. భౌతికవాది చేయవలసింది శరీరాన్ని మరిచిపోవడం కాదు. ఏ కష్టంలో ప్రకృతి వాటా ఎంత, మనుషుల ఏర్పాటు వాటా ఎంత అని లెక్క తేల్చడం. బొత్తానికి పేరు పెట్టకపోవడంలో ప్రకృతి వాటా బొత్తిగా లేదు.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. "ఎవరి పని వారే చేసుకోవాలనడం బూర్జువా వ్యక్తివాదం కదా? మనుషులు ఒకరిమీద ఒకరు ఆధారపడి బతకడమే సమాజం. మేనల్లుడు చేసిపెడితే తప్పేమిటి?" ఇందులో సగం సత్యం ఉన్నది. చూపున్న మనిషి కూడా తన నెట్‌వర్కును ఒంటరిగా నడపడం లేదు. తీగ పాతిన కూలీలూ, పెట్టె బిగించిన కార్మికులూ, కరెంటు స్తంభమెక్కిన లైన్‌మనూ లేకపోతే అతని కళ్ళు అతనికి ఏ ఇంటర్నెట్టునూ తెచ్చిపెట్టవు. అంతమంది మీద ఆధారపడుతూ కూడా అతను స్వతంత్రుడనిపించుకుంటున్నాడు. ఆమె ఒక్క మేనల్లుడిమీద ఆధారపడి పరాధీన అనిపించుకుంటున్నది. కనక ఆధారపడడంలో తేడా లేదు. తేడా మరోచోట ఉన్నది.

చూపున్నవాడు కేబులతని పని నచ్చకపోతే ఇంకొకణ్ణి పిలుస్తాడు, లేదా తానే పెట్టె తెరిచి చూసుకుంటాడు. అతను సహాయాన్ని కాదనగలడు. కాదనగలడు గనకనే అతను సహాయం తీసుకున్నప్పుడు అది ఇద్దరు సమానుల మధ్య వ్యవహారమవుతుంది. ఆమె కాదనలేదు. కాదంటే ఇల్లు చీకటి. పైగా సెట్టింగుల తాళం ఉన్నవాడికి ఇంట్లో ఏ ఫోను, ఏ కంప్యూటరు ఎప్పుడు కనెక్టయిందో తెలుసుకునే వీలూ, కొన్ని సైట్లను ఆపే వీలూ ఉంటుంది. మేనల్లుడు అట్లా చేయడు. అతను చేయకపోవడానికి కారణం అతని స్వభావం. ఆమె హక్కు కాదు. ఇంకొక ఇంట్లో, ఇంకొక మొగుడో, కొడుకో చేయవచ్చు. కాదనే అవకాశం ఉన్నప్పుడే సహాయం స్నేహమవుతుంది. లేనప్పుడు ఎంత మెత్తనిదైనా పెత్తనమే. మనం కోరవలసింది సహాయం లేని లోకాన్ని కాదు, కాదనగలిగిన సహాయాన్ని.

మూడవ ఆక్షేపణ: అందరికీ ఒకే పెట్టె ఇచ్చారు కదా, ఇంతకంటే సమానత్వం ఏముంటుంది? 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మార్క్స్ ఈ మాయను విప్పి చూపించాడు. అసమానులైన మనుషులను ఒకే కొలబద్దతో కొలిచే సమాన హక్కు ఆచరణలో అసమానతకే హక్కవుతుందన్నది ఆయన వాదన. కళ్ళను కొలబద్దగా పెట్టుకుని తయారైన పెట్టెను అందరికీ సమానంగా పంచినంత మాత్రాన అది అందరిదీ అయిపోదు.

ఇక ఆచరణ. చూపులేని మనిషి తన ఇంటి నెట్‌వర్కును తన చేతిలో పెట్టుకోవడం కుదిరే పనేనా? చాలావరకు కుదిరే పనే. అందుకు కావలసిన మెలకువలు కొద్దిపాటివి.

కల్లూరు వంటి చోట మొదటి సమస్య గోడ. బేతంచెర్ల నాపరాయిని ఈ ప్రాంతంలో నేలకే గాక గోడలకూ, కప్పుకూ కూడా వాడారు. పాత ఇళ్ళలో మందమైన రాతిగోడలు కనిపిస్తాయి. 5 గిగాహెర్ట్‌జ్ వైఫై వేగమైనదే గాని ఇటువంటి గోడ దగ్గర నీరసిస్తుంది, 2.4 గిగాహెర్ట్‌జ్ కొంత మెరుగు. పని చేసే బల్ల దాకా నెట్‌వర్కు తీగ లాగించుకోవడం అన్నిటికంటే నమ్మకమైనది. చూపులేనివారికి తీగతో ఇంకొక లాభం ఉన్నది: అది చేతికి తెలుస్తుంది. దాని చివర ప్లాస్టిక్ ముక్కకు చిన్న నాలుక ఉంటుంది. సరిగా కూర్చుంటే టక్కుమంటుంది. ఏ తీగ ఎక్కడిదో తెలియడానికి ఒకదానికి ఒక దారపు ముడి, రెండవదానికి రెండు ముడులు వేస్తే చాలు. పెట్టె మీది బొత్తాలకు ఉబ్బెత్తు చుక్కలు అంటించవచ్చు. బ్రెయిలీ తెలిసినవారు పేర్లే అంటించవచ్చు.

కేబులతను వచ్చిన రోజే పెట్టె తాలూకు వాడుకపేరూ, పాస్‌వర్డూ ఫోటోగా కాక, అక్షరాల సందేశంగా పంపమని అడగాలి. ఫోటోను స్క్రీన్ రీడర్ నేరుగా చదవలేదు, సందేశాన్ని చదువుతుంది. పెట్టె సెట్టింగులు మార్చేటప్పుడు వైఫై మీద కాక తీగ మీద ఉండి మార్చాలి. వైఫై పేరో, పాస్‌వర్డో మార్చిన మరుక్షణం వైఫై తెగిపోతుంది, తీగ తెగదు. మార్చేముందు ఉన్న సెట్టింగులను కంప్యూటరులో ఒక ఫైలుగా దాచుకోవాలి. అన్నీ చేశాక పాస్‌వర్డును ఆమే మార్చి, ఆమే భద్రపరచుకోవాలి. మేనల్లుడికి ఇవ్వాలో వద్దో ఆమె ఇష్టం.

దీపాల భాషకు బదులు మాటల భాష ఒకటి ఉన్నది. కంప్యూటరులో ఆదేశాల కిటికీ తెరిచి 'పింగ్' అని రాసి, పెట్టె చిరునామా – చాలా ఇళ్ళలో 192.168.1.1 – ఇస్తే, పెట్టె బదులు పలికిందో లేదో అక్షరాలలో వస్తుంది. స్క్రీన్ రీడర్ చదువుతుంది. పెట్టె పలికి, బయటి చిరునామా పలకకపోతే తప్పు చాలావరకు బయటి వైపునే ఉన్నదని తెలుస్తుంది. అప్పుడామె కంపెనీకి ఫోను చేసి "ఏ లైటు వెలుగుతున్నదమ్మా?" అనే ప్రశ్నకు తడుముకోనక్కరలేదు. "మా ఇంట్లో పెట్టె పలుకుతున్నది, మీ వైపు పలకడం లేదు" అని గట్టిగా చెప్పగలదు. జ్ఞానం గొంతును మారుస్తుంది.

ఇన్ని మెలకువలున్నా పేర్లు లేని బొత్తాల పేజీ దగ్గర పని ఆగిపోవచ్చు. అక్కడ వ్యక్తి ప్రయత్నం చాలదు; ఉత్పత్తి పద్ధతి ప్రశ్న వస్తుంది. పేజీలో బొత్తానికి పేరు రాయడానికి కంపెనీకి పట్టే ఖర్చు అత్యల్పం. అయినా రాయదు. ఎందుకంటే పెట్టెను టోకున కొనేది ఇంటర్నెట్ సంస్థ. దాన్ని వాడే మనిషి కొనుగోలుదారుగా ఎక్కడా ఎదురుపడడు. సరుకు తయారయ్యేది అమ్మకం కోసం. వాడకం తరువాతి సంగతి.

దీనికి భిన్నమైన ఉత్పత్తి పద్ధతి ఉండగలదని చూపించే ఉదాహరణలు లేకపోలేదు. జాస్ ధర చాలాకాలం వెయ్యి డాలర్ల ప్రాంతంలో ఉండేది. మన ఉపాధ్యాయురాలికి అది అందని పండు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 'ఎన్‌వీడీఏ' అనే స్క్రీన్ రీడరును మొదలుపెట్టాడు. చూపులేని మరో యువకుడు జేమ్స్ టే తోడయ్యాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, దాని మూలరచనను చదవవచ్చు, మార్చవచ్చు. దానితో వచ్చే 'ఈస్పీక్' గొంతు తెలుగు కూడా పలుకుతుంది. సొగసుగా కాదు, అర్థమయ్యేట్టు. రౌటర్ల విషయంలోనూ ఇటువంటిది జరిగింది. 2003లో లింక్‌సిస్ కంపెనీ తన రౌటరులో వాడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిబంధనలకు లోబడి దాని మూలరచనను బయటపెట్టవలసి వచ్చింది. 2004లో దాని మీదనే 'ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ' మొదలయింది. అది నడిచే పెట్టెను బొమ్మలతో నిమిత్తం లేకుండా అక్షరాల ఆదేశాలతోనే సరిచేయవచ్చు. అయితే అది అన్ని పెట్టెల మీదా నడవదు. ఫైబరు కంపెనీ ఇచ్చిన పెట్టె మీద సాధారణంగా నడవదు. కొద్దిమంది విరాళాల మీదా, ఉచిత శ్రమ మీదా నడిచే ఈ ప్రయత్నాలను మెచ్చుకుని, ప్రభుత్వ బాధ్యతను మరిచిపోవడం కూడా పొరపాటే.

ప్రభుత్వం చేసినదేమిటి? 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో 'దివ్యాంగులు' అనే కొత్త పేరు సూచించారు. మన రాష్ట్రంలో సంబంధిత శాఖకు 'విభిన్న ప్రతిభావంతులు' అని పేరు. పేర్లకు కొరత లేదు. 2016 చట్టం సమాచార సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలన్నది; కాని దాని కింద తయారైన నిబంధనలు ఆజ్ఞలుగా కాక సలహాలుగా ఉన్నాయని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమన్నది. 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసులలో డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని అదే కోర్టు ప్రకటించింది. ఈ రెండు తీర్పులూ వికలాంగులే కోర్టుకెక్కి సాధించుకున్నవి; దయతో ఎవరో ప్రసాదించినవి కావు.

మన వంతు ఏమిటి? విద్యార్థి, ఉపాధ్యాయ సంఘాలు ఫీజుల మీదా, జీతాల మీదా పోరాడుతున్నాయి, పోరాడవలసిందే. ఆ సంఘాల కరపత్రాలూ, సర్క్యులర్లూ యూనికోడులో కాక పాత అను ఫాంట్లలో టైపయితే, స్క్రీన్ రీడర్ వాటిని అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతుంది. బొమ్మగా తీసి ఫోన్లలో పంపిన ప్రకటనను అసలే చదవదు. అంటే మన పిలుపు అందని సభ్యులు మన సంఘాలలోనే ఉన్నారు. ఇది సరిదిద్దడానికి ఏ విప్లవమూ రానక్కరలేదు. ప్రజల డబ్బుతో పెట్టెలు కొనే ప్రతి టెండరులో, ఆ పెట్టె సెట్టింగులను చూపులేని వ్యక్తి స్క్రీన్ రీడరుతో పరీక్షించి సరేననాలి అనే షరతు పెట్టించడం కూడా మనం చేపట్టగల కోరికే. ఆ పరీక్షకు జీతం ఇవ్వాలి. అది సేవ కాదు, పని.

మేనల్లుడికి కూడా చేయవలసింది ఉన్నది. పది నిమిషాల పనిని అతను గంటసేపు చేయాలి: తీగ ఆమె చేతికిచ్చి, ఆమె మీట నొక్కుతుండగా పక్కన కూర్చుని, ఆమె తప్పు నొక్కితే ఓపిక పట్టి. తొందరగా చేసిపెట్టేవాడికంటే నిదానంగా అప్పగించేవాడు ఎక్కువ ఉపకారి. ఆ గంట తరువాత కూడా ఆమె అతణ్ణి పిలవవచ్చు, తరచుగానే పిలవవచ్చు. అప్పుడు పిలిచేది గత్యంతరం లేక కాదు.